రుసుము కడితే పిల్లరు గట్టిపడుతుందా?

2019 మార్చి. టర్కీలో స్థానిక ఎన్నికల ప్రచారం. దక్షిణాన ఉన్న కహ్రమన్‌మరాష్ నగరంలో అధ్యక్షుడు ఎర్దోవాన్ సభ. తన ప్రభుత్వం చేసిన మేళ్లు ఏకరువు పెడుతూ ఆయన ఒక అంకె చెప్పాడు: ఈ ఊళ్లో లక్షా నలభై నాలుగు వేల పైచిలుకు మంది సమస్య తీర్చేశామని. ఆ సమస్య ఏమిటంటే వాళ్ల కట్టడాలకు అనుమతుల్లేవు, ఉన్నవాళ్లు ప్లానుకు మించి లేపారు. తీర్చిన పద్ధతి ఏమిటంటే రుసుము కట్టించుకుని చేతిలో ఒక కాగితం పెట్టడం.

నాలుగేళ్లు నిండకుండానే, 2023 ఫిబ్రవరి 6న తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు, ఊరంతా దుప్పట్లలో ఉండగా 7.8 తీవ్రతతో నేల కదిలింది. తొమ్మిది గంటల తర్వాత 7.5తో మళ్లీ కదిలింది. ఒక్క టర్కీలోనే 53 వేల మందికి పైగా పోయారు. సరిహద్దు అవతల సిరియాలో మరికొన్ని వేల మంది. ఆ జంట భూకంపాలను ఇప్పుడు లోకమంతా కహ్రమన్‌మరాష్ భూకంపాలనే పిలుస్తోంది. అధ్యక్షుడు సమస్య తీర్చేసిన ఊరు అదే.

భూమిని తిట్టి ఏం లాభం? అది కోట్ల ఏళ్లుగా కదులుతూనే ఉంది, ఇక ముందూ కదులుతుంది. నా కోపం ఆ కాగితం మీద. దాని మీద సంతకం పెట్టిన చేతి మీద. అది దొరికిందని స్వీట్లు పంచుకున్న మన బుద్ధి మీద కూడా.

టర్కీకి తెలియక జరిగిందా? 1999 ఆగస్టు 17న ఇజ్మిత్ దగ్గర వచ్చిన భూకంపంలో అధికారిక లెక్కల్లోనే 17 వేల మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బకు నిర్మాణ నియమావళి మార్చారు, తనిఖీల చట్టం తెచ్చారు, భూకంపం పేరు చెప్పి ఒక పన్ను కూడా వేశారు. కాగితం మీద చూస్తే ప్రపంచంలోని మంచి నియమావళుల్లో వాళ్లదీ ఒకటి. ఇంత చేసి 2018లో ఎన్నికల ముందు క్షమాభిక్ష పథకం తెచ్చారు. రుసుము కడితే చాలు, అక్రమం సక్రమం. లక్షలకు లక్షలు దరఖాస్తులు వచ్చి పడ్డాయి. ఇంజనీర్లను పంపి పిల్లర్లు చూపించారా అంటే, లేదు. ఈ కట్టడం భూకంపానికి నిలుస్తుందా లేదా అనేది యజమాని బాధ్యత అని చట్టంలోనే రాసి పెట్టుకున్నారు. డబ్బులు సర్కారుకి, పూచీ మాత్రం నీకు! ఇంజనీర్ల సంఘాలు మొత్తుకున్నాయి. ఇది శ్మశానాలు కట్టడమేనని బతిమాలాయి. ఎవరు విన్నారు? భూకంపం తర్వాత ఇస్తాంబుల్ నగర ప్రణాళికా నిపుణుల సంఘం అధ్యక్షురాలు చెప్పిన దాని ప్రకారం, దెబ్బతిన్న ప్రాంతంలో ఇలా క్షమాభిక్ష పొందిన భవనాలు 75 వేల దాకా ఉన్నాయి. ఇంకో ఘోరం ఉంది. నేల కదిలిన ఆ రోజుకి మరో క్షమాభిక్ష బిల్లు పార్లమెంటు ఆమోదం కోసం ఎదురుచూస్తోంది.

అంతాక్యాలో పన్నెండు అంతస్తుల విలాసవంతమైన అపార్ట్‌మెంటు ఒకటి ఉండేది. పాతకాలపు మట్టి మిద్దె కాదు, కట్టి పదేళ్లే అయింది. స్వర్గంలో ఓ మూల మీకోసం అంటూ ప్రకటనలు ఇచ్చి అమ్మారు. అది నిలువునా పక్కకు ఒరిగి పడిపోయింది, వందల మంది దాని కిందే ఉండిపోయారు. కట్టిన పెద్దమనిషి దేశం దాటబోతూ ఇస్తాంబుల్ విమానాశ్రయంలో దొరికాడు. అదియమన్‌లో ఒక హోటలు కూలి 72 మంది చనిపోయారు. వాళ్లలో 35 మంది ఉత్తర సైప్రస్ నుంచి వాలీబాల్ పోటీకి వచ్చిన బడిపిల్లలు, వాళ్ల వెంట వచ్చిన అమ్మానాన్నలు, టీచర్లు. ఆ శిథిలాల కాంక్రీటును చేత్తో నలిపితే ఏటి ఇసుక, గులకరాళ్లు రాలాయి. ఆటకని పంపిన పిల్లల్ని శవపేటికల్లో అందుకున్న ఆ తల్లిదండ్రులు కోర్టు మెట్లెక్కి, నెలల తరబడి వాయిదాలకు తిరిగి, 2024 డిసెంబరులో హోటలు యజమానికి శిక్ష పడేలా చేసుకున్నారు. అనుమతిచ్చిన ఆఫీసుల సంగతి అడగకండి.

అంతాక్యా ఉన్న హతాయ్ రాష్ట్రంలోనే ఎర్జిన్ అనే చిన్న పట్టణం ఉంది. నలభై వేల పైచిలుకు జనాభా. అక్కడ ఒక్క భవనం కూలలేదు, ఒక్కరు చనిపోలేదు. అక్రమ కట్టడాలకు తాము ఒప్పుకోలేదని ఆ ఊరి మేయరు అన్నాడు. ఆయన మాటలో కొంత గొప్ప ఉండొచ్చు. అక్కడి నేల గట్టిది కావడం కూడా కలిసొచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ వాటా తీసేసినా, వద్దు అని చెప్పగలిగిన మేయరు ఒకడైనా ఉన్నాడన్నది మిగులుతుంది కదా!

తీవ్రత అంకెను చూసి చావుల లెక్క ఊహించే అలవాటు మనది. 2010 జనవరిలో హైతీలో వచ్చింది 7.0. మరో నెలన్నరకు చిలీలో వచ్చింది 8.8, అంటే విడుదలైన శక్తిలో దాదాపు 500 రెట్లు. చిలీలో సునామీతో కలిపి పోయినవాళ్లు ఐదు వందల పైచిలుకు. హైతీలో ఎంతమంది పోయారో ఇప్పటికీ తేలలేదు. ప్రభుత్వం మూడు లక్షలకు పైగా అంది, కొందరు అందులో సగం కూడా ఉండదన్నారు. అన్నిటికన్నా తక్కువ అంచనా కూడా పదుల వేలలోనే. హైతీ రాజధానికి భూకంపం మరీ దగ్గర్లో వచ్చింది, నిజమే. కానీ అప్పటికి ఆ దేశానికి జాతీయ నిర్మాణ నియమావళి అంటూ లేదు. చిలీకి ఉంది, పైగా భవనం నిర్మాణంలో లోపం బయటపడితే పదేళ్ల దాకా కట్టినవాడి మెడకు చుట్టుకునే చట్టమూ ఉంది. నికొలస్ ఆంబ్రసేస్, రోజర్ బిల్హామ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2011లో నేచర్ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. అంతకు ముందు ముప్ఫై ఏళ్లలో భూకంపాలకు భవనాలు కూలి చనిపోయినవాళ్లలో 83 శాతం మంది, పేదరికం స్థాయిని బట్టి ఉండాల్సినదానికంటే ఎక్కువ అవినీతి ఉన్న దేశాల వాళ్లేనని. పేదరికం ఒక్కటే చంపలేదు. లంచం చంపింది.

ఇక మన సంగతి. టర్కీవాణ్ణి తిట్టుకుని పేపరు మడిచేద్దామనుకుంటే కుదరదు.

2007 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, రుసుముతో అక్రమ కట్టడాలను క్రమబద్ధీకరించే బీపీఎస్ వచ్చింది. విభజన అయ్యాక 2015లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ బీపీఎస్. అదే ఏడాది తెలంగాణలో బీఆర్ఎస్ (పార్టీ కాదు, స్కీము). 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంకోసారి. ప్రతిసారీ ఇదే ఆఖరి అవకాశం అన్నారు. ప్రతిసారీ గడువు పొడిగించారు. కట్టేవాడికి అర్థమైంది ఒక్కటే: మూడంతస్తులకు అనుమతి తీసుకో, ఐదు లెయ్యి, స్కీము ఎలాగూ వస్తుంది. ప్లాను ప్రకారం కట్టుకుని ఇంటి చుట్టూ జాగా వదులుకున్నవాడు కాలనీలో వెర్రివాడయ్యాడు. ఈ పథకాల మీద మన పేపర్లలో ఎన్నో వార్తలు చదివాం. ఎన్ని వేల దరఖాస్తులు, ఖజానాకు ఎన్ని కోట్లు, గజానికి ఎంత. ఆ అదనపు అంతస్తును కింది పిల్లరు మోయగలదా అనే ప్రశ్న ఎన్ని వార్తల్లో కనపడింది?

మూడంతస్తుల కోసం లెక్కగట్టిన పునాది మీద ఐదు కూర్చోబెట్టాక, చలానా కట్టినంత మాత్రాన ఆ పిల్లర్లోకి ఇనుము దిగుతుందా? పక్కింటికీ మనింటికీ మధ్య మూరెడు సందు వదిలితే, రెండు భవనాలూ ఊగి ఒకదాన్నొకటి కొట్టుకోకుండా ఏ జీవో ఆపుతుంది?

మాకేంటి, మాది సేఫ్ జోను అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కిల్లారి గుర్తొస్తుంది. మహారాష్ట్ర లాతూరు జిల్లా, మన జహీరాబాదు దాటి బీదరు మీదుగా వెళ్తే చేరే ఊరు. హైదరాబాదు నిలబడ్డ దక్కను పీఠభూమే అక్కడా ఉన్నది. అప్పటి భూకంప పటంలో అది ఒకటో జోను, అంటే అన్నిటికన్నా భద్రమైనది. 1992లోనే అక్కడ చిన్న చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. అక్టోబరులో వచ్చినదానికి జనం హడలిపోయారు. పట్టించుకున్న నాథుడు లేడు. ఏడాది తిరిగింది. 1993 సెప్టెంబరు 30, వినాయక నిమజ్జనం చేసి అలసి పడుకున్న రాత్రి, తెల్లవారుజామున నాలుగింటికి కాస్త ముందు 6.2 తీవ్రతతో భూకంపం. బండరాళ్లను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద ఎండ తగలకుండా పరిచిన అడుగుల మందం మట్టి. ఆ బరువంతా నిద్రలో ఉన్నవాళ్ల గుండెల మీద పడింది. దాదాపు ఎనిమిది వేల మంది. అంత తీవ్రత ఉన్న భూకంపాలు జపానులో వస్తూ పోతూ ఉంటాయి, చాలాసార్లు చనిపోయేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత 2002లో ఆ ఒకటో జోనునే పటంలోంచి తీసేసి రెండో జోనులో కలిపేశారు. ఆ పటంలో అన్నిటికన్నా భద్రమైనది రెండో జోను. హైదరాబాదు ఉన్నది అందులోనే. విజయవాడ, ఒంగోలు, భద్రాచలం మూడో జోనులో.

1967లో ఒంగోలు కదిలింది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7. 2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నరకు ములుగు జిల్లాలో 5.3 వచ్చి హైదరాబాదు, విజయవాడల దాకా ఊపింది. ఆ రోజంతా ఏం చేశాం? ఫ్యాను ఊగిన వీడియోలు పంచుకున్నాం, మీమ్స్ వేసుకున్నాం, సాయంత్రానికి వేరే వార్త వచ్చింది. అదే సాయంత్రం ఒక్క మున్సిపాలిటీ అయినా, మన బడులు, ఆసుపత్రులు ఏ స్థితిలో ఉన్నాయో చూద్దాం అన్న ప్రకటన ఇచ్చిందేమో వెతికితే నాకు కనపడలేదు. అంతకు పదిహేను రోజుల ముందే గచ్చిబౌలి సిద్ధిక్ నగర్‌లో చిన్న జాగాలో లేపిన అంతస్తుల భవనం, పక్కన పునాదికి గొయ్యి తవ్వితేనే ఒరిగిపోయింది. మర్నాడు యంత్రాలు పెట్టి కూల్చారు. 2016లో నానక్‌రాంగూడలో కడుతుండగానే కూలిన భవనం పదకొండు మందిని మింగింది. 2025 మార్చిలో భద్రాచలంలో, పాత కట్టడం మీద అంతస్తులు వేసుకుంటూ పోయిన భవనం కుప్పకూలి పని చేస్తున్నవాళ్లు చనిపోయారు. వీటిలో దేనికీ భూకంపం అవసరం పడలేదు. తమ బరువు తామే మోయలేని కట్టడాలు ఇవి. నేల కూడా కదిలితే?

ఆ 'కదిలితే'కు జవాబు అహ్మదాబాదులో ఉంది. 2001 జనవరి 26, గణతంత్ర దినం, పొద్దున 8.46కి భుజ్ భూకంపం. అహ్మదాబాదుకు అది వచ్చిన చోటు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా అక్కడ దాదాపు 750 మంది చనిపోయారు. కూలినవి మట్టిళ్లు కావు, బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లు. వాటిలో చాలావాటికి కింది అంతస్తులో గోడలు లేవు, కార్లు పెట్టుకోవడానికి ఒట్టి పిల్లర్లు వదిలారు. పై అంతస్తుల్లో ఇటుక గోడలు ఉంటాయి కాబట్టి అవన్నీ కలిసి ఒక పెట్టెలా బిగుసుకుని ఊగుతాయి. ఊపంతా కింద ఉన్న ఆ నాలుగు వరసల పిల్లర్ల మీద పడుతుంది. అవి విరిగితే పైదంతా నేలకు కూర్చుంటుంది. ఇప్పుడు కూకట్‌పల్లిలోనో, మధురానగర్‌లోనో, విజయవాడ పటమటలోనో ఏ వీధిలోనైనా నడవండి. కింద పార్కింగు లేని అపార్ట్‌మెంటు ఒక్కటి చూపించండి. పార్కింగు ఉండటం నేరం కాదు. ఆ పిల్లర్లను దానికి తగ్గట్టు బలంగా కట్టాలి, మధ్యలో అక్కడక్కడా కాంక్రీటు గోడలు ఇవ్వాలి. మన నిర్మాణ నియమావళి చెబుతున్నది అదే.

ఇంకో చిన్న సంగతి. పిల్లరు నిలువు కమ్మీల చుట్టూ కట్టే చట్రాలను మన మేస్త్రీలు రింగులు అంటారు. రింగు కొసలను లంబకోణంలో వంచి వదిలేస్తే, ఊగినప్పుడు బయటి కాంక్రీటు పెచ్చు ఊడగానే రింగు విడిపోతుంది, కమ్మీలు బయటికి వంగుతాయి, పిల్లరు నలిగిపోతుంది. కొసలను ఇంకాస్త లోపలికి, 135 డిగ్రీలు వంచి పిల్లరు గర్భంలోకి పంపితే అది పట్టు వదలదు. దీనికి అయ్యే ఖర్చు కొన్ని అంగుళాల ఇనుము, బార్ బెండరుకు మరో విసురు చేతిపని. ఐఐటీ కాన్పూరులో ఉండగా సి.వి.ఆర్. మూర్తి గారు ఇలాంటివన్నీ బొమ్మలు గీసి, మామూలు చదువరికి అర్థమయ్యేలా భూకంప చిట్కాలని చిన్న చిన్న పాఠాలు రాసి ఉచితంగా ఇచ్చారు. ఇరవై ఏళ్లు దాటింది. ఐఎస్ 13920 అనే ప్రమాణం 1993లోనే ఈ మాట చెప్పింది. 2016 సవరణ ప్రకారం మూడో జోను నుంచి పైన అంతటా అది పాటించి తీరాలి. రెండో జోనులో ఐచ్ఛికం. అంటే విజయవాడలో తప్పనిసరి, హైదరాబాదులో మీ దయ. ముప్ఫై అంతస్తుల టవర్లకు పెద్ద కంపెనీలు, పేరున్న డిజైనర్లు ఉంటారు, వాటికి ఎలాగో ఒక లెక్క ఉంటుంది. నా భయం ఆ ఐదంతస్తుల వాటి గురించే. డ్రాయింగు ఎక్కడో గీస్తారు, సంతకం ఇంకెవరిదో ఉంటుంది, సైటులో మేస్త్రీదే రాజ్యం. మేస్త్రీని తప్పుపట్టను. అతనికి ఎవరూ నేర్పలేదు, నేర్పడానికి డబ్బులూ ఇవ్వలేదు. సైటు మొహం చూడకుండా సంతకం అద్దెకిచ్చే ఇంజనీరుకి మాత్రం అన్నీ తెలుసు.

భుజ్ భూకంపం వచ్చిన రోజునే గుజరాత్‌లోని అంజార్ పట్టణంలో బడిపిల్లలు జెండాలు పట్టుకుని ఇరుకు వీధిలో ఊరేగింపుగా వెళ్తున్నారు. రెండు వైపుల ఇళ్లూ వాళ్ల మీద పడ్డాయి. 185 మంది పిల్లలు, 20 మంది టీచర్లు. 2022లో అక్కడ స్మారకం కట్టారు. స్మారకాలు కట్టడం మనకు బాగా వచ్చు.

2008 మే 12న చైనాలోని సిచువాన్‌లో, పిల్లలు తరగతుల్లో ఉన్న మధ్యాహ్నం భూకంపం వస్తే, చుట్టుపక్కల సర్కారు ఆఫీసులు నిలబడి ఉండగా బడులు కూలిన చోట్లు ఉన్నాయి. ఒక్క బిడ్డే ఉన్న తల్లిదండ్రులు ఫొటోలు పట్టుకుని రోడ్డెక్కితే నోళ్లు మూయించారు. పిల్లల పేర్లు సేకరించడానికి పూనుకున్న తాన్ జువోరెన్‌ను జైల్లో పెట్టారు. కళాకారుడు ఐ వేవే వాలంటీర్లను పంపి ఊరూరా తిరిగి 5,212 పేర్లు రాయించాడు. ప్రభుత్వం చివరికి 5,335 అని ఒప్పుకుంది.

ఆ సిచువాన్‌లోనే సాంగ్‌జావో మిడిల్ స్కూలుకి యె జిపింగ్ అని ఒక హెడ్మాస్టరు. తన బడి భవనం మీద ఆయనకు నమ్మకం లేదు. అది కట్టినప్పుడు సరిగా ఉందని సంతకం పెట్టడానికే ఎవరూ ముందుకు రాలేదట. కాంక్రీటు ఉండాల్సిన సందుల్లో సిమెంటు సంచుల కాగితాలు కుక్కి ఉన్నాయి. ఆయన జిల్లా ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాడు. కాస్త కాస్త డబ్బు తెచ్చి, అంతా కలిపి నాలుగు లక్షల యువాన్లు, పిల్లర్లు లావు చేయించాడు, పనికిరాని పిట్టగోడలు తీయించి ఇనుప రెయిలింగులు పెట్టించాడు, ఏడాదికి రెండుసార్లు పిల్లల చేత బయటికి పరుగు సాధన చేయించాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆ రోజు ఆ బడిలోని 2,300 మంది పిల్లలూ నిమిషంన్నర చిల్లరలో బయటికొచ్చి మైదానంలో వరసగా నిలబడ్డారు. అక్కడికి దగ్గర్లోనే బేయ్‌చువాన్‌లో మరో మిడిల్ స్కూలు కూలి దాదాపు వెయ్యి మంది పోయారు. రెండు బళ్లకూ మధ్య తేడా ఒక మనిషి పట్టించుకోవడం.

మన ఊళ్లలో ఇంటర్ కాలేజీలు, హాస్టళ్లు ఎక్కడ నడుస్తున్నాయో ఒకసారి తలెత్తి చూడండి. కాపురాలకని కట్టిన అపార్ట్‌మెంట్లలో, షాపింగు కాంప్లెక్సుల పై అంతస్తుల్లో. ఇద్దరు ముగ్గురు ఉండాల్సిన గదిలో ఎనిమిది మంది పిల్లలు, టెర్రస్ మీద రేకుల షెడ్డులో భోజనశాల, దాని పక్కన నీళ్ల ట్యాంకులు, అన్నిటికీ కలిపి ఒకే మెట్ల దారి. ఆ బరువంతా ఎవరు లెక్కగట్టారు? ర్యాంకుల హోర్డింగు వేలాడదీయడానికి గోడ గట్టిదో కాదో చూసినంత శ్రద్ధ కూడా పిల్లలు పడుకునే స్లాబు మీద పెట్టరు. లక్షల్లో ఫీజు కట్టే తండ్రి ఏసీ ఉందా అని అడుగుతాడు. అడగాల్సినది మాత్రం అడగడు.

హైదరాబాదులోనే, హబ్సిగూడలో ఎన్‌జీఆర్ఐ ఉంది, దేశం నలుమూలల నేల కదలికలను చదివే సంస్థ. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజనీరింగు పరిశోధన కేంద్రం ఉంది. తెలిసినవాళ్లు లేక కాదు. హబ్సిగూడకూ గచ్చిబౌలికీ మధ్యలో ఉన్న మున్సిపల్ ఆఫీసుకు ఆ తెలివి చేరే దారి లేదు. దారి వేయడం ఎవరికీ అక్కర్లేదు, ఎందుకంటే భూకంపం తమ అయిదేళ్లలో రాదని అందరికీ ధీమా. వచ్చినా దేవుడి మీదికి నెట్టేయొచ్చు. 1934లో బీహారు భూకంపం అంటరానితనమనే పాపానికి శిక్ష అని గాంధీజీ అంటే టాగూరు బహిరంగంగా తప్పుపట్టాడు. ప్రకృతి ఘటనకు పాపపుణ్యాలు అంటగట్టొద్దన్నాడు. తొంభై ఏళ్ల తర్వాత కూడా మనం విధి, ఖర్మ, దైవఘటన అనే మాటల చాటున దాక్కుంటూనే ఉన్నాం. వాటికైతే జవాబు చెప్పే ఆఫీసరు ఉండడు కదా, అదే సౌకర్యం.

ఇంకో క్రమబద్ధీకరణ ప్రకటన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అది చూసి గజానికి ఎంతో, ఆఖరి తేదీ ఎప్పుడో రాసిపెట్టుకుని ఊరుకోకండి. మీ ఎమ్మెల్యే దగ్గరికి, కార్పొరేటరు దగ్గరికి వెళ్లి అడగండి: ఈ రుసుములో ఎన్ని రూపాయలు మా భవనం పిల్లర్లను పరీక్ష చేయించడానికి ఖర్చు పెడతారు, ఎవరు వచ్చి చూస్తారు, చూసి ఎక్కడ సంతకం పెడతారు? ఫ్లాటు కొనేవాళ్లు టైల్సు చూసే ముందు స్ట్రక్చరల్ డ్రాయింగు అడగండి, ఇవ్వనన్నవాడికి అడ్వాన్సు ఇవ్వకండి. పిల్లల్ని హాస్టల్లో చేర్చేవాళ్లు ఆ భవనం దేనికోసం కట్టినదో, ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో కాగితం చూపించమని కూర్చోండి. చూపించేదాకా లేవకండి.